నల్లగుట్ట మోళ్లు

కల్లూరు అల్లా బాషా సైకిలు మీద భూగోళాన్ని పంతొమ్మిది సార్లు చుట్టాడు. అందులో ఒక్కసారి కూడా కల్లూరు దాటలేదు. నమ్మనివాళ్లు కాగితం తీసుకుని లెక్క వేసుకోవచ్చు. గంటకు పది కిలోమీటర్ల చొప్పున రోజుకు ఎనిమిది గంటలు, పండగలూ జ్వరాలూ తీసేసి ఏడాదికి మూడు వందల రోజులు, అట్లా ముప్పై రెండేళ్లు. నేను డిగ్రీ రెండో ఏడు మధ్యలో కాలేజీ మానేసిన మాట నిజమే గానీ, అది లెక్కలు రాక కాదు. నాకు వచ్చినన్ని లెక్కలు వాళ్ల దగ్గర లేక.

ఆ సైకిలు కదలదు. కిటుకు అదే. స్టాండు వేస్తే వెనక చక్రం నేలకు జానెడు ఎత్తున గాలిలో ఉంటుంది. చక్రం నుంచి ఒక బెల్టు ముందుకు వచ్చి, హ్యాండిలు మీద బిగించిన సానరాయిని తిప్పుతుంది. సీటు మీద కూర్చుని తొక్కుతూ, రాయికి కత్తి ఆనిస్తే నిప్పురవ్వలు. వీధి వీధికీ తోసుకుపోవడం, స్టాండు వేయడం, తొక్కడం. కత్తిపీటలు, దర్జీల కత్తెరలు, కసాయి కత్తులు, కొడవళ్లు, గొడ్డళ్లు, ఏది తెచ్చినా బాషా దాని అంచును బొటనవేలి గోటి మీద ఆనించి చూసేవాడు. బాగుందని ఎప్పుడూ అనడు. "పోతాది" అంటాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన నోట విన్నవాళ్లు కల్లూరులో లేరు.

కత్తిపీట చేతిలో పెడితే ఆ ఇంటి జాతకం చెప్పేవాడు. నడుమ అరిగి ఉంటే అత్త కూరలు తరుగుతున్నట్టు, కొన అరిగి ఉంటే కోడలు తరుగుతున్నట్టు. ఒకసారి రెండు చోట్లా సమానంగా అరిగిన కత్తిపీట వస్తే ఏమీ మాట్లాడకుండా పదును పెట్టి ఇచ్చేశాడు. నెల తిరక్కుండా ఆ ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. ఇది నేను కల్పించింది కాదు. కొంచెం సాగదీశానేమో.

రెండువేల ఆరులో బాషా మోకాళ్లు పని మానేశాయి. అప్పటికి ఆయనకు యాభై నాలుగు. తొక్కవద్దని కర్నూలులో డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి ఆయన రాయి ముందర నిలబడి కత్తి పట్టుకునేవాడు. సీటు మీద కూతురు రిహానా. పొద్దున కాలేజీకి పోయే ముందు రెండు గంటలు, సాయంత్రం వచ్చాక రెండు గంటలు. ఇంటర్ చదివే ఆ పిల్ల ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుకుంటూ తొక్కేది. పాఠం కష్టమైనచోట రాయి నెమ్మదించేది. "యాడికొచ్చినావు పాపా?" అని బాషా అడిగితే "కెమిస్ట్రీ నాయనా" అనేది. అప్పుడు బాషా గొడ్డలి పక్కన పెట్టి చిన్న చాకు అందుకునేవాడు.

రెండువేల ఎనిమిది జనవరిలో నాగచైతన్య వచ్చాడు. బ్యాంకు మేనేజరు కొడుకు, కర్నూలులో కొండ సైకిళ్ల క్లబ్బుకు కార్యదర్శి. క్లబ్బు అంటే పిల్లలు తొమ్మిదిమంది, గేర్ల సైకిళ్లు పదకొండు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం నల్లగుట్ట మీద కర్నూలు, కడప జిల్లాల పోటీ పెట్టారట. గుట్ట మీద ఎప్పుడో మూతపడిన రాళ్ల క్వారీ ఉంది. అక్కడికి పాత బండ్లదారి రెండున్నర మైళ్లు. ముందటేడు వానలు దండిగా పడి ఆ దారిని సర్కారు తుమ్మ మింగేసింది. దాన్ని కొట్టే సామానుకు పదును పెట్టించుకుందామని తెచ్చాడు.

బాషా ఆ సామానును ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. మనిషి చెయ్యంత పొడుగు పిడులున్న కత్తెర. మడిచి జేబులో పెట్టుకునే రంపం. పెట్రోలు పోస్తే నైలాను దారం గిర్రున తిరిగి గడ్డి కోసే మిషను.

"ఈ కత్తెర యాడిదప్పా?"

"బెంగుళూరు నుంచి తెప్పించినాం మామా. కొమ్మలు కత్తిరించేదానికి."

"బెంగుళూరులో మల్లెచెట్లుంటాయి గదప్పా. మరి ఈ దారమేంది?"

"అది తిరుగుతుంటే ఏదైనా తెగిపోతాది."

"గడ్డి తెగుతాది. మన కంప ఆ దారంతో చొక్కా కుట్టించుకుంటాది."

అట్లాగే జరిగింది. మిషను పావుగంట పనిచేసింది. దారం కంపకు చుట్టుకుంది, మిషను కంపలో ఇరుక్కుంది, దాన్ని బయటికి లాగడానికి ముగ్గురు పట్టారు. మరునాడు నాగచైతన్య బాషాను అడిగి, కంప కొట్టే గోపన్నను పిలిపించాడు. గోపన్నకు పన్నెండుమంది మనుషులు. చుట్టుపక్కల బొగ్గుబట్టీలకు కంప కొట్టి పోయడం వాళ్ల పని. వాళ్ల పనిముట్లు రెండే. కొట్టడానికి మచ్చుకత్తి, ముళ్లు తగలకుండా కంపను ఒత్తిపట్టి పక్కకు నెట్టడానికి పంగలకర్ర. బేరం కూడా రెండు మాటలే. దారి క్లబ్బుకు, కంప గోపన్నకు.

బాషా ఇంటికి ఆ సామాను తెచ్చిన రోజునే ఇంకో సంగతి జరిగింది. రిహానా ముప్పావు గంట ఆపకుండా తొక్కి, దిగి, కాలేజీ సంచి తగిలించుకుని పరుగెత్తడం నాగచైతన్య చూశాడు.

"మామా, ఆ పాపకు ఆయాసమే లేదు!"

"ఆయాసమెందుకొస్తాదప్పా? యాడికీ పోలేదు గదా."

పోటీలో మొదటి మూడు స్థానాలకు క్రీడల సర్టిఫికెట్టు ఇస్తారు. రిహానాకు స్కూల్లో ఆటలు నేర్పే టీచరు కావాలని ఉంది. ఆ చదువు చెప్పే కాలేజీలో ఆ కాగితం ఉన్నవాళ్లకు సీటు ఖాయం. ఆ ఏడాది మన రెండు జిల్లాలకూ ఇదొక్కటే పోటీ. నాగచైతన్య ఒక గేర్ల సైకిలు ఇచ్చిపోయాడు. జన్మలో మొదటిసారి రిహానా తొక్కిన సైకిలు ముందుకు కదిలింది. మొదటి రోజు ఆ పిల్లకు బ్రేకు ఎందుకో తెలియక ఎదురింటి గోడనే వాడుకుంది.

పోటీకి నాలుగు రోజుల ముందు, బుధవారం, గోపన్న మనుషులు దారి పూర్తి చేశారు. నాగచైతన్య బూట్లేసుకుని పైదాకా నడిచి, ఫొటోలు తీసుకుని మురిసిపోయాడు. సాయంత్రం మచ్చుకత్తులు పదునుకు తెచ్చుకుందామని బాషా గుట్ట ఎక్కాడు. ఆయన బూట్లేసుకోలేదు, లుంగీ కట్టుకున్నాడు. నూరు గజాలు దాటగానే లుంగీ సర్రున చిరిగింది. పిక్క మీద నెత్తురు. బోదగడ్డి పక్కకు నెట్టి చూస్తే మోడు. జానెడు ఎత్తు, ఏటవాలుగా కొట్టిన కొన, బాషా సానబట్టిన మచ్చుకత్తితో కొట్టింది కాబట్టి బల్లెం లాంటి కొన. రెండడుగుల దూరంలో ఇంకొకటి. అక్కడి నుంచి క్వారీ దాకా దారి పొడుగునా గడ్డిలో దాక్కుని అవే.

ఆ రాత్రి అన్నం దగ్గర నన్నీ బీ మొగుణ్ని చూసి అడిగింది.

"సంగటి సల్లారిపోతాంది. కాలికేమాయె?"

"మోడు గీరుకునె."

"యాడ?"

"నల్లగుట్ట దావలో."

నన్నీ బీ గరిటె కింద పెట్టింది. "ఎన్నుండాయి?"

"వందల్లో ఉండాయి."

"పాప పోయే దావలోనా?"

బాషా సంగటి ముద్దను విరవకుండా పళ్లెంలో అటూ ఇటూ జరిపాడు. "చెప్తే పందెం నిలిపేస్తారు. పందెం నిలిస్తే కాగితం రాదు."

"చెప్పకుంటే?"

"చెప్పకుంటే పందెం జరుగుతాది."

"నేనడిగింది అది గాదు."

మరునాడు పొద్దున్నే బాషా గోపన్న ఇంటి ముందు కూర్చున్నాడు. నేనూ వెంట ఉన్నాను. ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు కాబట్టి ఊళ్లో ఎవరికి ఏ పనున్నా నేను లేకుండా జరిగేది కాదు.

"గోపన్నా, ఆ మోళ్లేంది?"

"మోళ్లే. బాగలేవా? ఒక్కొక్కటి ఏటవాలుగా కొట్టించినా, నీళ్లు నిలవవు, కుళ్లిపోవు. ఉగాదికంతా ఇగుర్లు లేస్తాయి జూడు."

"ఇగుర్లు లేయకూడదు గదప్పా."

గోపన్న ఆ మాట అర్థం కానట్టు బాషా ముఖంలోకి చూశాడు. "లేయకుంటే వచ్చే యేడు ఏం కొట్టాల?"

తప్పు ఎవరిదీ కాదు. కంప కొట్టేవాళ్లు ఎన్నడూ మొదలంటా కొట్టరు. మోడు వదిలితేనే అది మళ్లీ చిగురిస్తుంది, మళ్లీ బొగ్గవుతుంది. నాగచైతన్య "నీట్‌గా కొట్టండి" అన్నాడు. గోపన్న ముప్పై ఏళ్ల అనుభవమంతా పెట్టి నీటుగానే కొట్టాడు. సర్కారు తుమ్మ పాడుచెట్టని జిల్లా అంతా తిట్టుకుంటున్న కాలంలో, దాని మంచీ చెడ్డా చూసే మనిషి ఈ భూమి మీద గోపన్న ఒక్కడే.

"ఆ దావలో సైకిళ్లు దిగుతాయి గోపన్నా. బస్సు కన్నా జోరుగా దిగుతాయి."

"కండ్లుండాయి గదా? జూసుకోని పోతారు."

"మా పాప పోతాంది."

గోపన్న బీడీ ముట్టించుకోబోయి ఆగాడు. "ఇంతవరకు ఒక్క చెట్టును సంపలేదు బాషన్నా" అన్నాడు. "మొదులు తీస్తే అది సంపడమే. నా మనుషులు కూడా కొట్టరు. పాపమంటారు."

"పాపం నా నెత్తిన. పారలు నావి. నీ మనుషుల చేతులు ఇయ్యి, చాలు." బాషా రెండు చేతులూ చాపి కొలత చూపించాడు. "ఈ మందం మొదలంటా తీద్దాం. దావకు అటు పక్కా ఇటు పక్కా నీ మోళ్లు నీకుండనీ. ఉగాదికి ఇగుర్లు లేయనీ."

గోపన్న ఆ చేతుల మధ్య ఖాళీని చూశాడు. "ఆ చేతులు కొంచెం దగ్గరికి పెట్టు" అన్నాడు. బాషా ఒక బెత్తెడు దగ్గరికి జరిపాడు. బేరం కుదిరింది.

మోడును నేలమట్టానికి కొట్టడం మచ్చుకత్తితో కాదు. అది పక్కవాటుగా పోతుంది, ఎంత వంగినా నాలుగువేళ్లు మిగులుతుంది. గొడ్డలీ అంతే. బాషా మూలన పడి ఉన్న పాత పారలు ఏడు బయటికి తీశాడు. మట్టి తీసే మామూలు పారలే. వాటి అంచుకు గొడ్డలి పదును పెట్టాడు. వడ్రంగి బాడితను కాళ్ల వైపుకు దింపినట్టు పారను దింపితే మోడు వేరుతో సహా నేలలోపల తెగుతుంది. ఏ బెంగుళూరు పుస్తకంలోనూ లేని పనిముట్టు అది. ఒక్కటే ఇబ్బంది. నల్లగుట్టలో మన్ను కన్నా రాయి ఎక్కువ. పది దెబ్బలకు పార మొద్దుబారుతుంది. పదిసార్లకు ఒకసారి కల్లూరుకు తెచ్చి సానబట్టాలంటే వచ్చే ఏడు పోటీకి సిద్ధమవుతుంది దారి.

అందుకని సానసైకిలే గుట్ట ఎక్కింది. నలుగురు మనుషులు, రెండు బొంగులు, తాళ్లు, అచ్చం పల్లకీ. కర్నూలు జిల్లాలో కొండ ఎక్కిన మొదటి సైకిలు అదేనని, క్లబ్బువాళ్ల పదకొండూ దాని తర్వాతేనని నేను ఇప్పటికీ వాదిస్తాను.

తొక్కడానికి రిహానా తయారైంది. బాషా వద్దన్నాడు.

"కాళ్లు దాచుకో. ఆదివారం కావాల."

"మరి ఎవరు తొక్కుతారు నాయనా?"

నన్నీ బీ కొంగు నడుముకు చెక్కి సీటెక్కింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, అంతకు ముందు ఏ సైకిలూ ఎక్కలేదు. "ఇది పడదు గదా?" అని ఒక్కసారి అడిగింది. పడదని బాషా చెప్పాడు. అంతే, గురువారం పది గంటలకు మొదలుపెట్టి పొద్దుగూకేదాకా తొక్కింది. మధ్యలో ఆమెకు విశ్రాంతి ఇద్దామని నేను ఎక్కాను. నా కాళ్ల జోరుకు సానరాయి ఎర్రగా కాలి పొగలొచ్చాయని గోపన్న మనుషులు నేటికీ చెప్పుకుంటారు.

నన్నీ బీ మాత్రం, "దిగు నాయనా, బెల్టు జారిపాయె. నువ్వు తొక్కేది రాయికి తెలీడంలే" అంది.

నాగచైతన్య మధ్యాహ్నం వచ్చి ఈ సంబరం చూసి తెల్లబోయాడు. "దారి క్లీన్‌గా ఉంది కదా మామా. ఇంకా ఏం చేస్తాండారు?"

బాషా అతని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, గడ్డి నెట్టి ఒక మోడు చూపించాడు. కుర్రవాడి మొహం పాలిపోయింది. వెంటనే ఫోను తీశాడు. పోటీ వాయిదా వేస్తానన్నాడు.

"వాయిదా వేస్తే మళ్లీ ఎప్పుడప్పా?"

"వచ్చే సంవత్సరం మామా."

"శనివారం సాయంత్రం దాకా ఆ ఫోను జోబీలో పెట్టుకో. అప్పటికి ఒక్క మోడు మిగిలినా నేనే చెప్తా నిలపమని. నీకన్నా ముందు నేనే చెప్తా. పోయేది నా బిడ్డ గదా."

నాగచైతన్య ఫోను జేబులో పెట్టుకుని, చొక్కా చేతులు మడిచి, ఒక పార అందుకున్నాడు. మూడు దెబ్బల్లో రెండు రాళ్లకే తగిలాయి. మూడోది మోడుకే తగిలింది. "పోతాది" అన్నాడు బాషా. ఆ మాట విలువ పాపం ఆ అబ్బాయికి తెలియదు.

గురువారం, శుక్రవారం, శనివారం. ఒకరు పంగలకర్రతో గడ్డి వంచడం, ఒకరు పార దించడం, ఒకరు మొదుళ్లూ ముళ్లూ ఏరి దూరంగా వేయడం, మొద్దుబారిన పార బాషా చేతికి పోవడం, నన్నీ బీ తొక్కడం. ఏడు పారలూ గుండ్రంగా తిరిగేవి. మొదటి రోజు గోపన్న మనుషులు ప్రతి మోడుకూ దండం పెట్టి కొట్టారు. రెండో రోజు పదింటికి ఒకసారి పెట్టారు. మూడో రోజుకు దండాలు పోయి బూతులొచ్చాయి. గోపన్న మాత్రం ఒక్కటీ కొట్టలేదు. కొలకర్ర పట్టుకుని పక్కనే నడుస్తూ, మాట్లాడుకున్న మందానికి ఒక్క వేలు బయట ఉన్న మోడు మీద పార లేచినా "అది నాది" అని అడ్డం నిలబడేవాడు.

శనివారం నాలుగు గంటలకు దారి పరీక్ష చేయడానికి పోటీల సంఘం పెద్దమనిషి జీపులో వచ్చాడు. జీపు దిగి, నూరు గజాలు నడిచి, ఎండగా ఉందని నీడకు వచ్చాడు. రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. కాగితం మీద సంతకం పెట్టి పోయాడు. ఆ నూరు గజాల్లో మోడే లేదు మొదటి నుంచీ. రెండున్నర మైళ్లకూ సంతకం ముందే సిద్ధంగా ఉందని తెలిసుంటే మేము గురువారం నాడే ఇంటికి పోయేవాళ్లం అని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు.

చీకటి పడేసరికి కిందికి దిగే ఆఖరి మలుపులో కొన్ని మిగిలాయి. నాగచైతన్య బాషా వైపు చూశాడు. ఇచ్చిన మాట ప్రకారం నిలపమని చెప్పాల్సిన సమయం అది. బాషా గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపల గోపన్న అన్నాడు, "పందెం ఎనిమిది గంటలకు గదా. ఆరింటికంతా తెల్లారుతాది." ఆదివారం వెలుగు రాకముందే అందరూ మలుపులో ఉన్నారు. కొలకర్ర ఇంటి దగ్గర మరిచిపోయి వచ్చాడు గోపన్న. చేతిలో పార ఉంది.

ఏడుంబావుకు ఆఖరి మోడు లేచింది. బాషా చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో ఆ మలుపంతా పైనుంచి కిందికి ఒకసారి నడిచాడు. తర్వాత నాగచైతన్యకు తల ఊపాడు.

ఇక పోటీ సంగతి. ఆడపిల్లల పోటీ మొదట. రిహానా క్వారీ దగ్గర బయలుదేరినప్పుడు గుట్ట మీద నెమళ్లు అరవడం మానేశాయి. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల వేగానికి గాలి కూడా వెనకబడింది. బాషా మలుపు పక్కన బండ మీద నిలబడి, రెండు చేతులతో పారకర్ర పట్టుకుని ఉన్నాడు. సరిగ్గా ఆయన ముందరే వెనక చక్రం గులకరాళ్ల మీద జారింది. సైకిలు ఒక పక్కకు, పిల్ల ఒక పక్కకు. రొమ్ము నేలకు కొట్టుకుని బారెడు దూరం జారిపోయింది. ఎక్కడ ఆగిందంటారు? గంట ముందు ఆఖరి మోడు ఉన్నచోట, సరిగ్గా ఆ వేరు గుంట మీద. ఒక్క గంట! బాషా పార వదిలేసి బండ మీంచి దిగబోయాడు. రిహానా లేచింది, మోచేయి చూసుకుంది, సైకిలు ఎత్తింది, ఎక్కింది, పోయింది. రెండు జిల్లాల్లో మూడో స్థానం. కాగితం వచ్చింది, జూన్‌లో సీటూ వచ్చింది.

ఇదంతా రాసి, బాషా ఒక దర్జీ కత్తెర చూసుకుంటుండగా కూర్చోబెట్టి చదివి వినిపించాను. సీటు మీద నన్నీ బీ ఉంది. ఆ గుట్ట దిగినప్పటి నుంచి ఆమె సీటు దిగలేదు. బాషా మొత్తం విన్నాడు, కత్తెర అంచు గోటి మీద ఆనించుకున్నాడు.

"పందేనికొచ్చిందే ముగ్గురాడపిల్లోల్లప్పా, మాది మూడోది వచ్చె. అది పడినకాడ మోడు ఎప్పుడూ లేదు, ఆఖరిది ఇంకా పదడుగులు కిందికి ఉండె. యాడ పడతాదో ముందే తెలీదు గదా, అందుకని అన్నీ కొట్టినాం."